జెన్‌సోల్: గోల్ఫ్ కిట్ సరే.. ఆ రూ.262 కోట్లు ఎక్కడ?

జెన్‌సోల్ ఇంజనీరింగ్ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది గోల్ఫ్ కిట్టే. ప్రమోటర్ అన్మోల్ సింగ్ జగ్గీ ఖాతా నుంచి దానికి రూ.26 లక్షలు వెళ్లాయని 2025 ఏప్రిల్ 15న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో ఉంది. గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ కేమెలియాస్‌లో ఫ్లాట్ సంగతి సరేసరి. మీమ్స్‌కి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. కానీ లెక్క చూస్తే ఇవి చిన్న మొత్తాలే.

అసలు లెక్క కార్లది. ప్రభుత్వ రంగ సంస్థలైన ఇరెడా, పీఎఫ్‌సీల నుంచి జెన్‌సోల్ తీసుకున్న రుణం రూ.977.75 కోట్లు. ఇందులో రూ.663.89 కోట్లు 6,400 ఎలక్ట్రిక్ కార్లు కొనడానికి ఇచ్చినవి. కొన్న కార్లను బ్లూస్మార్ట్ క్యాబ్ సంస్థకు లీజుకివ్వాలి. కంపెనీ తన వాటాగా మరో 20 శాతం కలపాలి. మొత్తం కలిపితే సుమారు రూ.830 కోట్లు. కొన్నది మాత్రం 4,704 కార్లే, ఖర్చు రూ.567.73 కోట్లు. మిగతా రూ.262.13 కోట్లకు లెక్క లేదని సెబీ తేల్చింది. అంటే 1,696 కార్లు రోడ్డెక్కనే లేదు!

డబ్బు ఎలా కదిలింది?

ఫ్లాట్ కథ ఇక్కడే పనికొస్తుంది. 2022 సెప్టెంబర్ 30న ఇరెడా నుంచి రూ.71.41 కోట్లు వచ్చాయి. అక్టోబర్ 3న రూ.93.88 కోట్లు కార్ల డీలర్ గో-ఆటోకి వెళ్లాయి. ఇంతవరకు బాగానే ఉంది. అదే రోజు డీలర్ నుంచి రూ.50 కోట్లు క్యాప్‌బ్రిడ్జ్ అనే ప్రమోటర్ల సంబంధిత సంస్థకి చేరాయి. మూడు రోజులకే అక్కడి నుంచి రూ.42.94 కోట్లు డీఎల్ఎఫ్‌కి వెళ్లిపోయాయి. పైకి చూస్తే కార్లకే చెల్లించినట్టుంటుంది, రెండో మెట్టు దగ్గర దారి మారుతుంది. లెక్క తేలని రూ.262 కోట్లలో ఈ ఫ్లాట్ ఆరో వంతు మాత్రమే.

మరి అప్పిచ్చినవాళ్లు కార్లు లెక్కపెట్టుకోలేదా? సామాన్యుడు బైక్ లోన్ తీసుకుంటే ఆర్‌సీ కాపీ ఇచ్చేదాకా వదలరు కదా. ఇక్కడ వ్యవహారం బయటపడింది రుణదాతల తనిఖీలో కాదు, రేటింగ్ ఏజెన్సీల దగ్గర. వాయిదాలు సక్రమంగా కడుతున్నట్టు ఇరెడా, పీఎఫ్‌సీ పేర్లతో కంపెనీ లేఖలు చూపించింది. ఆరా తీస్తే, అలాంటి లేఖలు తాము ఇవ్వలేదని ఆ సంస్థలు చెప్పాయి. మార్చి మొదటి వారంలో కేర్, ఇక్రా రెండూ రేటింగ్‌ను డిఫాల్ట్ స్థాయికి దించేశాయి. ఫోర్జరీతో తమకు సంబంధం లేదని కంపెనీ అప్పట్లో ఖండించింది.

ఫ్యాక్టరీలో ఇద్దరు ముగ్గురు!

సొంతంగా ఎలక్ట్రిక్ కార్లు తయారుచేస్తామని, 30,000 ప్రీ-ఆర్డర్లు వచ్చాయని 2025 జనవరిలో కంపెనీ ఘనంగా ప్రకటించింది. సెబీ చూస్తే అవి ఆర్డర్లు కావు. 29,000 కార్లకు తొమ్మిది సంస్థలతో రాసుకున్న అవగాహన పత్రాలు. వాటిలో ధర లేదు, డెలివరీ షెడ్యూల్ లేదు. ఏప్రిల్ 9న ఎన్ఎస్ఈ అధికారి పుణె ప్లాంట్‌కి వెళితే కనిపించింది ఇద్దరు ముగ్గురు కూలీలు. ఏడాదిలో అత్యధిక కరెంటు బిల్లు రూ.1.57 లక్షలు. కార్ల తయారీ ప్లాంట్‌కి అది ఏ మూలకి?

ఇలాంటి ప్రకటనలు నమ్మి షేర్లు కొన్నవాళ్ల పరిస్థితే దారుణం. 2020లో 155 మందిగా ఉన్న వాటాదారులు దాదాపు 1.10 లక్షలకు పెరిగారు. అదే సమయంలో ప్రమోటర్ల వాటా 70 శాతం నుంచి సగానికి పడిపోయింది. 2024లో రూ.1,100 దాటిన షేరు, సెబీ ఉత్తర్వు నాటికి రూ.130 దగ్గరకు వచ్చింది.

ఉత్తర్వు వచ్చిన మర్నాడే బ్లూస్మార్ట్ బుకింగ్‌లు ఆగిపోయాయి. వేలమంది డ్రైవర్ల చేతిలో పని పోయింది. మే నెలలో జగ్గీ సోదరులు పదవులకు రాజీనామా చేశారు. సెబీది మధ్యంతర ఉత్తర్వే కాబట్టి ఆరోపణలు ఇంకా రుజువు కావాల్సి ఉంది. రూ.510 కోట్ల బకాయి కోసం ఇరెడా వేసిన దివాలా పిటిషన్‌ను జూన్ 13న ఎన్‌సీఎల్‌టీ స్వీకరించింది. దివాలా చట్టం ప్రకారం ఆస్తుల సొమ్ము ముందు రుణదాతలకు వెళుతుంది. క్యూలో చివర నిలబడేది చిన్న వాటాదారులే.