సందిగ్ధ ఫలితము – మాతృభాష

పారిభాషిక పదములను గూర్చిన చర్చ మన విద్యాపీఠములలో తరచుగ పాఠ్యగ్రంథములకే పరిమితమగుచున్నది. ఒక పదము విని, వెంటనే ఒక నిర్ణయమునకు రావలసినవారి విషయము అంతగ విచారింపబడుట లేదు. గర్భిణీస్త్రీలకు జరుగు జన్యుపరీక్షలు ఇట్టి విచారణను కోరుచున్నవి. వాని ఫలితము కొన్ని యెడల ‘ఉన్నది’ అనియు గాక, ‘లేదు’ అనియు గాక సందిగ్ధముగ నిలుచును. ఆ సందిగ్ధతను తల్లికి ఏ మాటలలో చెప్పవలెనన్నది వైద్యులకు మాత్రమే విడువదగిన ప్రశ్న కాదు.

సూరతు నగరము ఇందుకు తగిన ఉదాహరణము. తెలంగాణ జిల్లాలనుండి వలసవెళ్లిన పద్మశాలి మున్నగు నేతపనివారి కుటుంబములు అచటి మరమగ్గముల నాశ్రయించి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. నగరపాలక సంస్థ వారి పిల్లలకై తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడపుచున్నది. ఇంట తెలుగు, వీథిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ, వైద్యుని కాగితముపై ఆంగ్లము. పరీక్షాఫలితము ఈ నాలుగు భాషలను దాటి గర్భిణిని చేరవలసియున్నది. నడుమ భర్తయో, మరిదియో దుబాసియైనచో భయమును తగ్గించుటకో, మాట తోచకయో సందేహమును విడిచి ‘బాగున్నది’ అనియో, ‘బాగులేదు’ అనియో చెప్పుట సులభము.

సందేహములన్నియు ఒక్క తీరువి కావు. సికిల్ సెల్ వ్యాధి దక్షిణ గుజరాతు గిరిజనులలో హెచ్చుగ గలదు. ఆ రాష్ట్రము 2006లో దాని నివారణకు కార్యక్రమము నారంభించినది. తలిదండ్రులిరువురును వ్యాధి లేకయే దాని జన్యువును మోయువారైనచో ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు 4లో 1 వంతు అవకాశము గలదు. ఈ సందేహమునకు లెక్క గలదు. పిండపరీక్షచే అది తీరును. వేరొక సందేహమునకు లెక్కయే లేదు. జన్యువులో మార్పు కనబడును. అది కీడు చేయునో చేయదో శాస్త్రమునకే తెలియదు. 2015లో అమెరికా వైద్యజన్యుశాస్త్ర సంస్థలు జన్యువులలోని మార్పులను ఐదు తరగతులుగ విభజించి, నడిమి తరగతిని ఇట్టివానికి కేటాయించినవి. నేడు ఆ తరగతిలోనున్న మార్పు రేపు హానిలేనిదని తేలవచ్చును.

ఈ తరగతి పేరును మాటకు మాట తెనిగించినచో ‘అనిశ్చిత ప్రాముఖ్య వైవిధ్యము’ అగును. ప్రాముఖ్యము అనగ తెలుగువారికి గొప్పతనము. వైవిధ్యము మెచ్చదగిన గుణము. ‘జన్యుదోషము’ అన్నచో చిక్కు మరింత పెరుగును. జాతకదోషము, నాగదోషము అను మాటల నడుమ పెరిగిన స్త్రీకి దోషమన్నది తనపై మోపిన నేరముగ వినబడును. అత్తవారింట ఆ ఒక్క మాట ఆమెను ఏండ్లకొలది వెంటాడగలదు.

నిజమునకు తెలుగు సందేహమును నామములకంటె క్రియలతోను, అవ్యయములతోను చక్కగ చెప్పును. ‘వచ్చునేమో’ అన్నచో శంక. ‘వచ్చును కాబోలు’ అన్నచో ఒకవైపు మొగ్గు. ‘వచ్చునో రాదో’ అన్నచో రెండువైపుల సమానమైన అనిశ్చయము. ‘మార్పు ఉన్నది, దానివలన కీడు కలుగునో కలుగదో వైద్యులకును ఇంకను తెలియదు’ అన్న వాక్యమున పారిభాషిక పదమొక్కటియు లేదు, అర్థలోపమును లేదు. శాస్త్రగ్రంథములకు సంస్కృతపదములు ఉండవలసినదే. కాని గ్రంథమునకు తగినది గర్భిణి చెవికి తగునన్న నియమము లేదు.

ఈ విషయమున కాలమును స్వల్పము. ఉమ్మనీటి పరీక్ష 15 వారములు నిండిన పిదపనే చేయుదురు. 2021లో అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము గర్భస్రావమునకు సాధారణముగ 20 వారములు, కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారములు గడువు; పిమ్మట పిండమున తీవ్రవైకల్యము కలదని వైద్యమండలి నిర్ణయింపవలెను. 1994 నాటి గర్భస్థపరీక్షల చట్టము 5వ సెక్షను గర్భిణి సమ్మతిని ఆమెకు తెలిసిన భాషలో వ్రాతమూలకముగ పొందవలెనని శాసించినది. ఫలితమును ఆమె భాషలో తెలుపవలెనని మాత్రము ఆ సెక్షను చెప్పలేదు. సమ్మతికి అవసరమైన భాష ఫలితమునకు అనవసరమగుట న్యాయము కాదు.

2013లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనయొకటి, క్రోమోసోముల సూక్ష్మపరీక్షలో తేడా కనబడిన 23 మంది స్త్రీల అనుభవములను తెలిపినది. ఫలితమునకు సిద్ధపడియుండని ఆ స్త్రీలలో కొందరు తమకు కలిగిన ఎరుకనే విషముగ భావించిరి. సూరతునందలి తెలుగు స్త్రీ ఏమనుకొనునో ఆమె భాషలోనే అడుగవలెను. పరాయి భాషలో అడిగినచో వచ్చునది అభిప్రాయము కాదు, తలయూపు మాత్రమే.

మార్గము మనకు కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశము యొక్క వ్యవసాయ సంపుటమును 1962లోను, చేనేత సంపుటమును 1971లోను వెలువరించినప్పుడు పదములను కల్పింపలేదు. రైతుల నోటినుండియు, నేతవారి నోటినుండియు సేకరించిరి. ఆ నేతవారి బంధువర్గమే నేడు సూరతులో నున్నది. వారి స్త్రీలు గర్భమును, భయమును, ఆశను, అనుమానమును ఏ మాటలతో చెప్పుకొందురో సేకరించి వైద్యుల చేతికిచ్చుట తెలుగుశాఖల కర్తవ్యము. అట్లు కూర్చిన వాక్యమునకు పరీక్ష యొక్కటే: విన్న స్త్రీ దానిని తన మాటలలో తిరిగి చెప్పినప్పుడు సందేహము సందేహముగనే నిలువవలెను.