నల్లరేగడీ – నిప్పుకొండా

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా రోడ్డుకు ఇరుపక్కలా నల్లరేగడే. ఆ నేలను నమ్ముకొని బ్రతికే ఆళ్ళగడ్డ మిత్రులొకరు ఈమధ్య నన్నో ప్రశ్న వేశారు. "రేగడి అగ్నిపర్వతాల మన్నంటారు గదా! అలాటి మన్నున్నచోట భూకంపం వస్తే కొండలు జారి వూళ్ళమీద పడతాయట. మనకు తూర్పున నల్లమల వుంది. మరి మన గతేమిటి?" అని.

ప్రశ్న చిన్నదే గాని, జవాబు కోసం జపాను దాకా వెళ్ళి రావాలి.

2018 సెప్టెంబరు 6న, తెల్లవారుజామున మూడు దాటగానే, అక్కడి హొక్కైడో ద్వీపం కంపించింది. తీవ్రత 6.6. అత్సుమ అనే వూరి చుట్టుపట్ల వేలాది చోట్ల గుట్టల వాలులు జారిపోయాయి. ఆ ఒక్క వూరి పరిధిలోనే 36 మంది మన్నుకింద పోయారు. అవి మహా ఎత్తయిన పర్వతాలేమీ కావు. చెట్లతో పచ్చగా వున్న గుట్టలే.

మరెందుకు జారాయి? సుమారు 9 వేల యేళ్ళనాడు తరుమాయె అగ్నిపర్వతం కక్కిన నురుగురాయి ఆ గుట్టలమీద దుప్పటిలా పరుచుకుంది. నురుగురాయికి ఒళ్ళంతా చిల్లులే. నీళ్ళు తాగి కూర్చుంటుంది. అలా నాని నాని ఆ పొర అడుగున మెత్తని బంకమన్నయింది. నేల కదలనంతకాలం రేణువు రేణువును పట్టుకొని మీది బరువు మోస్తుంది. నేల కంపించిందా, ఆ పట్టు వూడుతుంది. సందుల్లోని నీరు పోయే దారిలేక రేణువులను విడదీస్తుంది. గట్టిదనుకున్న పొర క్షణంలో అడుసైపోతుంది. ఇక మీది మన్ను చెట్లతో సహా కిందికి జారవలసిందే.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో 2001 జనవరి 13న వచ్చిన భూకంపానికి శాంటా టెక్లా పట్టణం పక్కనున్న అగ్నిపర్వతపు బూడిద గుట్ట విరిగి లాస్ కొలినాస్ అనే పేటమీద పడింది. 500 మందికి పైగా చనిపోయారు.

ఇక మన సంగతి. మహారాష్ట్రలోని రేగడి 6 కోట్ల 60 లక్షల యేళ్ళనాటి లావా రాయి చివికి పుట్టింది. నంద్యాల రేగడి అలా పుట్టింది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు నంద్యాల పేరే పెట్టిన షేలు, కోయిలకుంట్ల పేరు పెట్టిన సున్నపురాయి చివికి ఏర్పడింది. రంగొకటే, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే గుణమొకటే; పుట్టిళ్ళు మాత్రం వేరు. పైగా కుందేటి లోయ చదును నేల, జారేందుకు వాలేదీ? నల్లమలంటారా, అది గట్టి క్వార్ట్‌జైటు, పలకరాయి. బండలు దొర్లితే దొర్లవచ్చు గాని, కొండ అడుసై ప్రవహించదు.

అయితే నిశ్చింతగా నిద్రపోవచ్చా? ఆగండి.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చింది. అక్కడున్నది అసలు సిసలైన లావా రేగడి. చుట్టూ మైదానం గనుక కొండ జారింది లేదు. అయినా దాదాపు 8 వేలమంది పోయారు. వాళ్ళను చంపినవి సొంత ఇళ్ళే! మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన కొయ్యదూలాల మీద మందంగా పరిచిన మన్ను. ఇది చదువుతూంటే మీకు మన పాత మిద్దెలు గుర్తురావడం లేదూ? యేటేటా కురిసే మిద్దెకు కొత్తమన్ను పోస్తూ, తాత పోసినదాని మీద తండ్రి, తండ్రి పోసినదాని మీద కొడుకు బరువు పెంచిన ఇళ్ళు ఈ సీమలో యెన్నని!

"మన వైపు భూకంపాలెక్కడివి?" అనకండి. 1993కు ముందు భూకంప పటంలో కిల్లారి కూడా అతి తక్కువ ప్రమాదమున్న మండలంలోనే వుండేది. 1967 మార్చి 27న మన ఒంగోలు కదలలేదా?

కొత్త ఇల్లు కట్టేవారు పునాదిని రేగడి దాటించి గట్టినేల మీద నిలపాలి. రాతిగోడ లోపలి వరుసనూ బయటి వరుసనూ కలిపి పట్టేలా అడ్డరాళ్ళు పెట్టించాలి. గుమ్మాల పైన ఇంటిచుట్టూ కాంక్రీటు పట్టీ తిప్పించాలి. పాత మిద్దె వున్నవారు తెలిసిన ఇంజనీరుకు చూపించి, అదనపు మన్ను దించుకోవాలి. ఖర్చంటారా? ప్రాణంకన్నా చౌకే.

నల్లమల మీదికొస్తుందని బెంగపడే మిత్రులు, ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి తల పైకెత్తి దూలాలకేసి చూడవలసిందిగా నా మనవి.