పరుగు ఆమెది... పరీక్ష మనది

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ ముగిసిన మరునాడు, అసర్ నమాజు తరువాత మసీదు ఎదుట ఉన్న టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు కుర్రవాళ్ళు ఒక సెల్‌ఫోన్ చుట్టూ చేరారు. మహిళల మారథాన్ గెలిచిన సిఫాన్ హసన్ తలను కప్పుకుని, మెడలో బంగారు పతకంతో నిలబడిన బొమ్మ అందులో ఉంది. "మాషా అల్లాహ్! ప్రపంచమంతా చూస్తుండగా హిజాబ్‌తో నిలబడింది" అని ఒకడు మురిసిపోయాడు. రెండోవాడు తన ఫోనులో మరో బొమ్మ తీశాడు. పరుగు పందెంలో అదే అమ్మాయి నిక్కరు, బనియను వేసుకుని ఉంది. "మరి దీనికేమంటావు?" అన్నాడు. వాదన మొదలైంది. గొంతులు పెరిగాయి. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఆ వాదన తెగలేదు.

మేము పక్కనే కూర్చుని అంతా విన్నాము. ఆ గంటన్నర సేపట్లో ఆమె ఎంత దూరం పరుగెత్తిందని ఒక్కరూ అడగలేదు.

అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. సిఫాన్ హసన్ ఇథియోపియాలో పుట్టింది. 2008లో, పదిహేనేళ్ళ వయసులో, శరణార్థిగా నెదర్లాండ్స్ చేరింది. పారిస్‌లో 5,000 మీటర్లలో కాంస్యం, 10,000 మీటర్లలో మరో కాంస్యం గెలిచింది. ఆ రెండో పరుగు ముగిసి రెండు రోజులైనా గడవకముందే 42 కిలోమీటర్ల మారథాన్‌కు దిగింది. 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లలో ఒలింపిక్ రికార్డుతో ముగించింది. రెండో స్థానంలో వచ్చిన ఆమె కన్నా కేవలం మూడు సెకన్లు ముందు. అన్నీ కలిపి ఆ క్రీడలలో ఆమె పరుగెత్తింది 62 కిలోమీటర్లకు పైనే. మన కుర్రవాళ్ళకు వీటిలో ఏదీ కనబడలేదు. కనబడింది గుడ్డ ఒక్కటే. మెచ్చుకున్నవాడికీ అదే, తప్పుపట్టినవాడికీ అదే.

ఇది మన టీ కొట్టుకే పరిమితమైన జబ్బు కాదు. దీని పాత చరిత్ర ఒకటి చెప్పుకోవాలి.

అల్జీరియా నేర్పిన పాఠం

1991లో టోక్యోలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మహిళల 1500 మీటర్ల పరుగులో అల్జీరియాకు చెందిన హసీబా బూల్మెర్కా గెలిచింది. కాన్‌స్టాంటైన్ నగరంలో 1968లో పుట్టిన అమ్మాయి. ప్రపంచ అథ్లెటిక్స్‌లో స్వర్ణం గెలిచిన తొలి ఆఫ్రికా మహిళ ఆమే. అదే పోటీల్లో పురుషుల 1500 మీటర్లు గెలిచినవాడు కూడా అల్జీరియా వాడే. పేరు నూరుద్దీన్ మోర్సెలీ. ఇద్దరూ ఇంటికి తిరిగి వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి స్వాగతం పలికారు. దేశాధ్యక్షుడు షాజలీ బెన్‌జదీద్ స్వయంగా వారిని అభినందించారు.

కానీ మరో పక్క కొన్ని మసీదులలో జుమా ఖుత్బాలో ఖతీబులు హసీబాను దుమ్మెత్తిపోశారు. కాళ్ళు కనబడేలా పరాయి మగవాళ్ళ ముందు పరుగెత్తిందని నిందించారు. నింద మాటలతో ఆగలేదు, బెదిరింపులదాకా పోయింది. తరువాతి ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌కు సిద్ధం కావడానికి ఆమె సొంత గడ్డను వదిలి బెర్లిన్‌కు వెళ్ళవలసి వచ్చింది. 1992 ఆగస్టు 8న అక్కడ కూడా గెలిచింది. సమయం 3 నిమిషాల 55.30 సెకన్లు. ఒలింపిక్స్ చరిత్రలో అల్జీరియాకు అదే మొట్టమొదటి బంగారు పతకం. గీత దాటగానే ఆమె తన బనియను మీద ఉన్న దేశం పేరును చూపించింది. ఆ విజయాన్ని అప్పటికి నెలన్నర కూడా కాకముందు, జూన్ 29న హత్యకు గురైన దేశాధినేత ముహమ్మద్ బూదియాఫ్‌కు అంకితం చేసింది.

ఆ రోజుల్లో అల్జీరియా పరిస్థితి కూడా గుర్తు పెట్టుకోవాలి. 1991 డిసెంబరులో జరిగిన ఎన్నికల తొలి దశలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ ఘన విజయం సాధించింది. 1992 జనవరిలో సైన్యం అడ్డుపడి ఆ ఎన్నికలనే రద్దు చేసింది. తరువాత ఏళ్ళ తరబడి రక్తం పారింది. ఆ గొడవలో ఇరువర్గాలకూ హసీబా ఒక జెండా అయిపోయింది. ఒకరు ఆమెను ఊరేగించి "చూడండి మేమెంత ముందుకు వెళ్ళామో" అన్నారు. మరొకరు ఆమెను చూపించి "చూడండి వీళ్ళెంత దిగజారారో" అన్నారు. "నేనూ ముస్లిం స్త్రీనే" అని ఆమె చెప్పుకున్న మాట మాత్రం ఆ కేకల్లో వినబడలేదు.

ఒక్క సంగతి ఆలోచించండి. మోర్సెలీ పరుగెత్తింది కూడా మోకాళ్ళ పైకి ఉన్న నిక్కరుతోనే. మగవాడి సతర్ బొడ్డు నుండి మోకాలి వరకు అని మద్రసాలో చిన్న తరగతుల్లోనే మనం చదువుకుంటాము. నియమం ఇద్దరికీ ఉంది. దుమారం రేగింది మాత్రం ఆడపిల్ల మీదే. షరీఅత్ మీద ప్రేమతోనే ఆ కోపం వచ్చి ఉంటే అది ఇద్దరి మీదా రావాలి కదా?

పొరుగున ఉన్న మొరాకోలో ఇంతకు ముందే మరోలా జరిగింది. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను మహిళలకు మొదటిసారి ప్రవేశపెట్టారు. కాసాబ్లాంకా యువతి నవాల్ అల్ ముతవక్కిల్ దానిని గెలిచింది. రాజు హసన్ ఆమెకు ఫోను చేసి అభినందించారు. ఆ రోజు పుట్టిన ఆడపిల్లలకు నవాల్ అనే పేరు పెట్టాలని ప్రకటించారు. ఆమె తరువాత తన నగరంలో ఆడవాళ్ళ కోసమే ఏటా ఒక పరుగు నిర్వహించింది. వేలాది మంది తల్లులు, కూతుళ్ళు అందులో పాల్గొంటూ వచ్చారు. రెండు దేశాలూ ముస్లిం దేశాలే. గెలిచిన ఇద్దరూ ముస్లిం ఆడపిల్లలే. తేడా వచ్చింది చూసినవాళ్ళ నాలుకల్లో.

కప్పుకున్నా తప్పని నింద

"ఒళ్ళంతా కప్పుకుని పరుగెత్తితే ఎవరేమంటారు?" అని కొందరు అడగవచ్చు. అదీ జరిగింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు సౌదీ అరేబియా మొదటిసారిగా ఇద్దరు మహిళలను పంపింది. వారిలో సారా అత్తార్ తలను కప్పుకుని, పొడుగు చేతుల దుస్తులతో 800 మీటర్లు పరుగెత్తింది. మిగతావారంతా చేరిన అర నిమిషానికి పైగా తరువాత, చిట్టచివర గీత చేరింది. స్టేడియంలోని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కానీ ఆ ఇద్దరు ఆడపిల్లల మీద వాళ్ళ సొంత భాషలోనే సామాజిక మాధ్యమాలలో రాసిన బూతు మాటలను ఈ పేజీలో రాయలేము. వాళ్ళ దుస్తుల్లో ఏ లోపం ఉందని?

ఇక అవతలి పక్షం సంగతీ చూద్దాం. పారిస్ ఒలింపిక్స్‌లో తమ దేశ క్రీడాకారిణులెవరూ తలకు గుడ్డ కట్టరాదని ఫ్రాన్స్ ప్రభుత్వం ముందే ప్రకటించింది. ఫ్రాన్స్ రిలే జట్టులోని సూంకాంబా సిల్లా అనే అమ్మాయి ప్రారంభోత్సవంలో పాల్గొనడానికి చివరికి టోపీతో రాజీ పడవలసి వచ్చింది. స్వేచ్ఛ గురించి ప్రపంచానికి ఉపన్యాసాలిచ్చే దేశం ఒక ఆడపిల్ల తల మీది మూరెడు గుడ్డకు భయపడింది. అల్జీరియాలో మింబరెక్కి తిట్టినవారికీ, పారిస్‌లో ఆజ్ఞ వేసినవారికీ మధ్య మాకు పెద్ద తేడా కనబడడం లేదు. ఇద్దరూ ఆ అమ్మాయిని అడగకుండానే ఆమె గుడ్డ గురించి తీర్పు చెప్పారు.

ధర్మం ఏమంటుంది?

దుస్తుల విషయంలో షరీఅత్ పెట్టిన హద్దులను మేము తేలిక చేయడం లేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అవే పాఠాలు చెబుతున్నాము. ఇకముందూ చెబుతాము. అయితే ఆ హద్దులు చెప్పిన నూర్ సూరాలోనే చూపులు దించుకోమనే ఆదేశం ముందుగా వచ్చింది పురుషులకు. స్త్రీల ప్రస్తావన ఆ తరువాతి ఆయతులో వస్తుంది. అదే సూరాలో శీలవతులైన స్త్రీలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష ఉంది. "ఆ దుస్తులు సరికాదు" అనడం నసీహత్. "అది చెడిపోయింది" అనడం బుహ్తాన్. రెండింటి మధ్య ఉన్న దూరం మారథాన్ కన్నా పెద్దది.

పరుగు విషయానికి వస్తే, దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారని హదీసు గ్రంథాలలో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత ఆయన గెలిచి, అది ఆ పందానికి బదులని నవ్వుతూ అన్నారు. అది జనం ఎదుట జరిగిన పందెం కాదన్న మాట నిజమే. కానీ ఆడపిల్ల కాళ్ళలో సత్తువ ఉండడం, ఆమె పరుగెత్తడం, గెలవడం దీన్‌కు పరాయి విషయాలు కావని తెలుసుకోవడానికి ఇది చాలు.

మన ఇంటి సంగతి

ఇదంతా ఎక్కడో అరబ్బుల సంగతి అనుకోకండి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మొదట పరుగు నేర్చుకోవడానికే మైదానానికి వెళ్ళింది. తరువాత బాక్సింగ్‌కు మారింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ చాంపియన్ అయింది. నిక్కరు వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని చుట్టాలు, స్నేహితులు ఆమె తండ్రితో అన్నారట. ఆయన కూతురి పక్షాన నిలబడ్డారు. గెలిచిన తరువాత "మా అమ్మాయి" అని చెప్పుకోనివారు లేరు. గెలిస్తేనే మన బిడ్డ, గెలవకముందు పరాయి బిడ్డ అవుతుందా? ప్రతి బస్తీలో గెలవకుండానే ఆగిపోయిన ఆడపిల్లల మాటేమిటి?

కాబట్టి సోదర సోదరీమణులారా! వాదనలకు ఖర్చు చేసే సమయంలో కొంత పనికి మళ్ళిద్దాం. మన విద్యాసంస్థల మైదానాలలో వారానికి రెండు పూటలు ఆడపిల్లలకే కేటాయిద్దాం. నేర్పించడానికి మహిళా శిక్షకులను పెడదాం. వారికి తగిన, ఒంటిని కప్పే క్రీడా దుస్తులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. మర్యాదగా పరుగెత్తే దారి చూపించనివారికి, దారి తప్పారని తిట్టే హక్కు లేదు.

ఆ రోజు మగ్రిబ్ అయ్యాక ఆ కుర్రవాళ్ళలో ఒకడు మా దగ్గరకు వచ్చి, "ఉస్తాద్, ఇంతకీ ఆమె చేసింది తప్పా, ఒప్పా?" అని అడిగాడు. "ఆమె లెక్క ఆమెను పుట్టించినవాడి దగ్గర ఉంది బాబూ. నువ్వు గంటన్నర మాట్లాడిన మాటల లెక్క కూడా అక్కడే ఉంది. నువ్వు సిద్ధం చేసుకోవలసింది రెండోది" అన్నాము. వాడు కాసేపు ఊరుకుని, "ఆమె మూడు సెకన్ల తేడాతో గెలిచిందట కదా, ఎలా గెలిచిందో చెప్పండి" అన్నాడు. చెప్పాము.

మన చూపులను, నాలుకలను అదుపులో ఉంచుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.