సొరకి భయపడతాం, ఈలకి భయపడం

కార్తీక మాసం వస్తోంది. మన సంఘం బస్సు బరంపురం నుంచి మళ్ళీ పూరీ బయల్దేరుతుంది. గ్రూపులో అప్పుడే మొదలైంది: "అక్కడ సొరచేపలుంటాయా అండీ?" అని.

సముద్రమన్నాక ఉంటాయి. వాటికి మన మీద అంత మోజు లేదు. ఫ్లోరిడా మ్యూజియం ఏటా రాసే లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద, మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు 47, పోయినవాళ్ళు నలుగురు. అదే 2021లో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు సుమారు 3 లక్షలమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా బాలింతకు సొర పిట్టు వండిపెట్టే జాతి మనది. మనల్ని చూసి అవి భయపడాలి!

మనల్ని లోపలికి లాక్కెళ్ళేదానికి పళ్ళుండవు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి పోవడానికి ఒక సందు చూసుకుంటాయి. ఆ సందులో అల పెద్దగా విరగదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. మన బావగార్లు సరిగ్గా అక్కడే దిగి, "ఇక్కడ బాగుంది, పిల్లల్ని తీసుకురండి" అని కేకేస్తారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యి ఊపాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ లాగుడు దాటాలి.

"సముద్రం మాకు కొత్తా? గోపాల్‌పూర్ పక్కనే పుట్టాం" అంటారు. కోర్టు పక్కన పుట్టినవాడల్లా వకీలు అవుతాడా?

పూరీ ఒడ్డున కోసు టోపీ పెట్టుకుని ఈల ఊదే నోలియాలు ఎవరనుకున్నారు? మన తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబాలవాళ్ళే. ఒడిశాలో తెలుగు బతకాలని మైకు ముందు గంటసేపు మాట్లాడే మన పెద్దలు, ఆ తెలుగు నోరు ఊదిన ఈల మాత్రం వినరు. పైగా చెయ్యి పట్టుకుని స్నానం చేయించిన మనిషితో పది రూపాయల దగ్గర బేరం!

కార్యవర్గానికి నా డిమాండ్లు ఇవీ. శాలువాల ఖర్చులో సగం తీసి పది లైఫ్ జాకెట్లు, ఒక పొడుగాటి తాడు కొనండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకుండా తాడు విసరండి. మందు పుచ్చుకున్నవారు నీళ్ళలో దిగకూడదు, అధ్యక్షులవారైనా సరే. ఈల వినిపిస్తే అందరూ బయటికి. మిగిలిన శాలువాల్లో మొదటిది ఒక నోలియాకి కప్పండి.

వెళ్ళేటప్పుడు బస్సులో ఎన్ని తలలున్నాయో, వచ్చేటప్పుడూ అన్నే ఉండాలి. సాంస్కృతిక కార్యక్రమం సంగతి ఆ తర్వాత చూసుకుందాం.