అట్టపెట్టె వెనక్కి తిప్పి చూద్దాం

చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. కందిపప్పయితే దోసిట్లో పోసుకుని పుచ్చులున్నాయేమోనని వెదుకుతాం. ఇక మిరపకాయల సంగతి చెప్పనే అక్కర్లేదు, గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆడవాళ్ళకి కాయ రంగు చూస్తేనే సరుకెలాంటిదో తెలిసిపోతుంది. అలాంటి మనం మొహానికి రాసుకునే క్రీము దగ్గరకొచ్చేసరికి మాత్రం డబ్బా మీది అమ్మాయి బొమ్మ చూసి డబ్బులిచ్చేస్తాం. ఇదేం చోద్యమో!

నేను ఇల్లు చక్కబెట్టుకుంటూ కథలు రాసుకునేదాన్నే గానీ డాక్టర్ని కాను. అయితే అట్టపెట్టె వెనక సన్నటి అక్షరాలు చదవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. మన దేశంలోని నిబంధనల ప్రకారం క్రీములో ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలి. అంతకు తక్కువున్నవి ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. మొదట్లో 'ఆక్వా' అని కనిపిస్తే కంగారుపడకండి, అది ఉత్త నీళ్ళే. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ, లిక్విడ్ పారాఫిన్ ఆ తేమ ఆరిపోకుండా పైన పొరలా నిలుస్తాయి. పారాబెన్లు సరుకు చెడిపోకుండా కాపాడేవి. నియాసినమైడ్ బి3 విటమిన్‌కి ఒక రూపం. 'పర్‌ఫ్యూమ్', 'ఫ్రాగ్రెన్స్' అంటే సువాసన కోసం కలిపినవి. రాసుకున్నాక దురదా, దద్దుర్లూ వస్తుంటే ముందు అనుమానించాల్సిన వాటిలో అవీ ఉన్నాయి. డబ్బా మీద పెద్ద బొమ్మ వేసిన కుంకుమపువ్వు జాబితాలో అట్టడుగున ఉందంటే, లోపల ఎంతుందో మీరే ఊహించుకోండి.

ఇంతవరకూ పోయేది మన డబ్బే. అసలు భయమంతా తెల్లబడాలన్న తొందరలో వాడే ట్యూబులతోనే ఉంది. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ - ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇవి స్టెరాయిడ్లు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో మొమెటసోన్ కలిపిన ట్యూబులూ ఉన్నాయి. మంగు మచ్చలకు డాక్టరు కొన్నాళ్ళపాటు రాసే మందు అది. దాన్నే పక్కింటావిడ చెప్పిందనో, షాపులో కుర్రాడు ఇచ్చాడనో ఆడపిల్లలు నెలల తరబడి పౌడరు కింద పూసుకుంటున్నారు. మొదటి వారాల్లో మొహం నిగనిగలాడుతుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి సన్నరక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు కమ్ముకుంటాయి, నూగు పెరుగుతుంది. మానేస్తే మంట, ఎండలోకొస్తే మంట. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోవడం మంచిది. 2018లోనే ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపులు మీ బజారులో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం పాదరసం. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను అణిచేస్తుంది, అందుకే తెల్లబడినట్టు కనిపిస్తాం. చర్మంలోంచి లోపలికి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని కోట్టక్కల్‌లో డాక్టర్లు, తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకి మూత్రపిండాల జబ్బు రావడం గమనించి బయటపెట్టారు. అదే ఏడాది జెనీవాలో మినమాటా ఒప్పందం దేశాలు సమావేశమై, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 2025 కల్లా ఆపేయాలని నిర్ణయించాయి. ఇలాంటి క్రీము అమ్మేవాడు అట్ట మీద పాదరసం అని రాసిపెట్టడు గదా! అందుకే తయారీదారు చిరునామా, 'ఎం.ఎల్.' అనే లైసెన్సు నంబరు, దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు లేని డబ్బాని ముట్టుకోకపోవడమే మేలు.

బొట్టుబిళ్ళల సంగతీ చెప్పుకోవాలి. కొన్నిటి జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. అది పడనివాళ్ళకి బిళ్ళ పెట్టుకునే చోటే తెల్లమచ్చ పడుతుంది. దురదగా ఉన్నా, రంగు తగ్గుతున్నా వెంటనే మానేయాలి.

మన ప్రాంతంలో చర్మసంరక్షణ నిజంగా కావలసింది ఎవరికంటారు? ఎర్రటి ఎండలో మిరపకోతకి వెళ్ళేవాళ్ళకి, రోజంతా కూర్చుని తొడిమలు తీసేవాళ్ళకి. వాళ్ళ చేతులు రాత్రికి మండిపోతుంటాయి. మిరప ఘాటుకి మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కాస్త వంటనూనె రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుని, పగుళ్ళకి పెట్రోలియం జెల్లీ రాసుకుంటే చాలు. ఖరీదైన డబ్బా ఏదీ అక్కర్లేదు.

కానీ చట్టంలో ఒక చిల్లు ఉంది. 30 గ్రాముల లోపు క్రీములకీ, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకీ పదార్థాల జాబితా రాయనక్కర్లేదన్న మినహాయింపు అది. ఆ చిన్న ట్యూబులూ, సాషేలూ కొనేదెవరు? కూలి డబ్బులతో బజారుకొచ్చే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. అందరికంటే ముందు తెలియాల్సినవాళ్ళకే తెలియకుండా పోతోంది. ఈ మినహాయింపు తీసేయాలి. హెచ్చరికలు తెలుగులో కూడా ఉండాలి. మందుల షాపులనే కాదు, ఫ్యాన్సీ షాపుల్ని కూడా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేయాలి.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరులోంచి తెలుపు పోయింది గానీ, మన పెళ్ళిచూపుల మాటల్లోంచి ఇంకా పోలేదు. "పిల్ల కాస్త చామనఛాయ" అని మనమే గుసగుసలాడుతుంటే ఆ పిల్ల దొరికిన ట్యూబల్లా కొనుక్కోక ఏం చేస్తుంది? ఆ మాట అనడం మానేద్దాం. మన ఇంట్లో ఆడపిల్లలు ఏం రాసుకుంటున్నారో ఈ రోజే ఒకసారి ఆ అట్టపెట్టె వెనక్కి తిప్పి, వాళ్ళతో కలిసి చదువుదాం.