చీనీ చెట్టు మీద గొంగళిపురుగు



శ్రమల దినములు వచ్చినవి. మన కడప జిల్లా పల్లెల్లో శనగ కోతలు ముగిసి, వేపచెట్లు కొత్త చిగురు వేస్తున్నాయి. మధ్యాహ్నం ఎండకు బయట కాలు పెట్టలేము గాని, తెల్లవారి రెండు గంటలు మాత్రం చల్లగా, హాయిగా ఉంటున్నది. ఆ రెండు గంటలలో మీ పిల్లలను వెంటబెట్టుకొని పొలం గట్ల వెంబడి నడిచి, సీతాకోకచిలుకలను చూచి రండి. ఇంట్లో ఫోను ఉంటే వాటి ఫోటోలు తీయించండి.

“ఈ ఎండల దేశంలో సీతాకోకచిలుకలెక్కడివి అయ్యగారూ?” అని కొందరడుగుతారు. వానలు పడిన తరువాత ఉన్నన్ని ఇప్పుడు ఉండవన్నది నిజమే. అయినా తడి ఉన్నచోట, పువ్వు ఉన్నచోట తప్పక కనబడతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు వారు పెన్నా ఒడ్డున తడి ఇసుక దగ్గర చూడండి. చిన్న చిన్న సీతాకోకచిలుకలు గుంపుగా వాలి నేలను పీలుస్తూ ఉంటాయి. అవి కేవలం నీళ్లకోసము రాలేదు. మట్టిలోని ఉప్పు కోసం వచ్చాయి. ఇలా వచ్చేవి ఎక్కువగా మగవి. పులివెందుల వైపు వారికి చీనీ తోటలే చాలును.

ఇంటి చుట్టూ ఉన్న చెట్లను బట్టి వెదకడం తేలిక. ప్రతి జాతి సీతాకోకచిలుక తన పిల్లలకు తగిన ఆకు మీదనే గుడ్డు పెడుతుంది. జిల్లేడు ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనబడితే, అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక బిడ్డ. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకొంటుంది గనుక పక్షులు దాని జోలికి పోవు. మనం పప్పులో వేసుకొనే గంగవాయిలి కూర మీద పెరిగే మరొక జాతిలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ లాగే కనబడుతుంది. దానిలో విషము లేదు. ఆ వేషమే దానికి కాపుదల. ఆముదపు చెట్టు మీద ఒకటి, తంగేడు, రేల చెట్ల మీద ఒకటి, కరివేపాకు మీద ఒకటి. ఇక నల్లని రెక్కల మీద లేత నీలి మచ్చలున్న బ్లూ టైగర్ రుతుపవనాలకు ముందూ వెనుకా తూర్పు కనుమలకూ పడమటి కనుమలకూ మధ్య గుంపులు గుంపులుగా ప్రయాణము చేస్తుంది. భారతదేశములో సుమారు 1300 జాతుల సీతాకోకచిలుకలున్నాయి. మన ఊరి గట్టు మీద పది జాతులు గుర్తుపట్టినా పిల్లలకు గొప్ప చదువే.

ఇది మన సంఘములకు కొత్త పని కాదు. లండన్ మిషను పక్షముగా 1884లో కడపకు వచ్చిన విలియం హోవర్డ్ కాంప్‌బెల్ దొరగారు సువార్త పనితో పాటు రెక్కల పురుగులను, పక్షులను శ్రద్ధగా పరిశీలించినవారు. కలివికోడిని ఆయన 1900లో అనంతపురం దగ్గర చూచిన తరువాత అది ఎవరి కంటికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకొన్నారు. 1986లో మన కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గరనే అది మరల కనబడింది. జమ్మలమడుగులోని కాంప్‌బెల్ ఆసుపత్రి పేరు అందరికీ తెలిసినదే. అదే మిషనుకు చెందిన డాక్టర్ టి. వి. కాంప్‌బెల్‌గారు ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురములో సేకరించిన పురుగులలో ఎన్నో శాస్త్రజ్ఞులకు అంతవరకు తెలియనివే. రోగుల నాడి చూచిన వేళ్లే పురుగులనూ నెమ్మదిగా పట్టుకొన్నాయి. ఆ దినములలో పరిశీలించడమంటే పట్టి, చంపి, సూదికి గుచ్చడమే. నేడు మనకు ఆ అవసరము లేదు. ఫోటో చాలు.

ఇప్పుడు పులివెందుల దగ్గర ఒక పల్లెలోని మన కుటుంబము సంగతి చెప్పాలి. ఆ ఇంటి తండ్రి బోరు ఎండి చీనీ తోట ఒకసారి పోగొట్టుకొన్నవాడు. అప్పు చేసి మరల మొక్కలు నాటాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఉదయాన తండ్రి ఫోను తీసుకొని తోటలో ఫోటోలు తీసేది. ఒకనాడు లేత చిగురు మీద ఆవగింజంత పసుపు గుడ్డు చూచింది. కొన్నాళ్లకు పక్షి రెట్టలాంటి పురుగు వచ్చింది. తరువాత అది పచ్చగా, లావుగా మారింది. పుల్లతో తాకితే తల వెనుకనుండి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన కొట్టేది. ఆ పిల్ల దినదినము ఫోటో తీసి తమ్మునికి చూపించేది.

ఒక సాయంత్రము తండ్రి మొక్కలు చూచుకొంటూ వచ్చి, ఆకులు ఈనెల దాకా కొరికివేసి ఉండడము చూచాడు. వెంటనే డ్రమ్ములో మందు కలపడానికి సిద్ధమయ్యాడు.

“వద్దు నాయనా, అవి సచ్చిపోతాయి.”

“సావాలనే కదమ్మా కొట్టేది! పురుగును ఎవరన్నా సాకుతారా? ఈ మొక్కలు పోతే మీ ఫీజు యాడనుంచి తెచ్చేది?”

తండ్రి మాటలో తప్పు లేదు. పెద్ద చెట్టుకు కొన్ని ఆకులు పోతే నష్టం లేదు గాని, లేత మొక్కను ఈ పురుగులు మోడు చేయగలవు. యోవేలు ప్రవక్త గ్రంథములో గొంగళిపురుగులు పంటను నాశనము చేయడము మనము చదివినదే. రైతు భయము దేవునికి తెలియనిది కాదు. పిల్ల కన్నీళ్లలోనూ తప్పు లేదు. ఇద్దరూ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అప్పుడు ఆ ఇంటి అవ్వ మాట్లాడింది. “మందు డబ్బాలు లేని కాలంలో మేము చేతితో ఏరేవాళ్లం. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. ఇద్దరు పిల్లలు పొద్దున ఒకతూరి, మాపటేల ఒకతూరి ఏరితే సరిపోదా? ఏరింది చెరువు కట్ట మీది మారేడు చెట్టుకు వదలండి. ఆ ఆకు కూడా తింటాయవి.”

తండ్రి వారం గడువిచ్చాడు. పిల్లలు సాలు సాలు వెదికి పురుగులను ఆకుతో సహా తట్టలోకి ఏరారు. ఆకు మీది గుడ్లను కూడా విడువలేదు. ఆ వారములో మొక్కలు తేరుకొని కొత్త చిగురు వేశాయి. మారేడు చెట్టు మీద వదిలిన పురుగులన్నీ బ్రతకలేదు. కొన్నిటిని పక్షులు తిన్నాయి, కొన్నిటిని చీమలు పట్టుకుపోయాయి. ఒకటి మాత్రం కొమ్మకు నడుము చుట్టూ సన్నని దారం కట్టుకొని గూడుగా మారింది. మట్టలాదివారము తరువాత బుధవారము తెల్లవారి పిల్లలు వెళ్లేసరికి గూడు పగిలి ఉన్నది. పక్కనే నలుపు మీద పసుపు మచ్చలు, వెనుక రెక్కకు ఇటుక రంగు చుక్క ఉన్న సీతాకోకచిలుక ముడతలు పడిన రెక్కలను ఆరబెట్టుకొంటున్నది. ఆనాడు ఫోను నాయనతో పాటు సంతకు పోయింది. ఫోటో లేదు. తమ్ముడు ఏడ్చాడట. అక్క మాత్రం, “కండ్లతో బాగా చూడురా, పోతుంది మళ్లీ” అన్నదట. ఆ మాట వారి అవ్వ నాకు చెప్పింది.

ఆ తండ్రి ఇప్పుడు మందు వాడడము పూర్తిగా మానలేదు. అయితే పూత మీద కొట్టడు. కొట్టవలసి వస్తే తేనెటీగలు తిరగని సాయంకాలము కొడతాడు. “పురుగు కనబడితే ముందు అదేదో అమ్మిని పిలిచి అడుగుతా” అన్నాడు నాతో.

దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించాడు: తోటను సేద్యము చేయాలి, దానిని కాయాలి. మనము మొదటిది చేసి రెండవది మరచిపోతాము. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూడు దొరికినవానికి కూడా ఒక హద్దు ఉన్నది. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టాలి. మన అవసరము నిజమే, దానికి హద్దూ నిజమే. ఆ హద్దు ఎక్కడో ఆ ఇంటిలో అవ్వకు తెలిసింది.

ఫోటో తీసే పిల్లలకు కొన్ని మాటలు. ఉదయము ఏడున్నర నుండి తొమ్మిదిన్నర వరకు మంచి సమయము. అప్పుడు అవి రెక్కలు విప్పి ఎండ కాగుతుంటాయి. మీ నీడ దాని మీద పడనీయకండి; పడితే లేచిపోతుంది. మొదట దూరమునుండి ఒక ఫోటో తీసి, తరువాత వంగి, నెమ్మదిగా దగ్గరకు వెళ్లండి. రెక్క పైభాగము, అడుగుభాగము రెండూ తీస్తే పేరు తెలుసుకోవడము తేలిక. ఏ మొక్క మీద చూచారో, ఏ తేదీనో నోటుపుస్తకములో వ్రాయండి. రెక్కలు పట్టుకోవద్దు, వాటి మీది పొడి రాలితే మరల రాదు. చెప్పులు లేకుండా కంపల్లోకి పోవద్దు. పాతబావుల దగ్గరకు, పెన్నాలో ఇసుక తీసిన గుంతల దగ్గరకు పెద్దలు లేకుండా వెళ్లవద్దు. నీళ్ల సీసా మరువవద్దు.

పెద్దలకు ఒక్క మాట. ఫోను పిల్లలను పాడుచేస్తున్నదని ప్రతి ఇంటిలో వింటున్నాను. అదే ఫోను వారిని గట్టు మీదికి నడిపిస్తే, మీరూ వారితో నడవండి. అడవి పువ్వులను చూడుమని చెప్పిన ప్రభువు, చూచుటకు తీరిక లేదనే సాకును మననుండి కోరలేదు. ఈస్టరు ఆదివారమున సమాధి తెరువబడిన సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు, పగిలిన ఆ చిన్న గూడును వారు జ్ఞాపకము చేసికొంటారు. అది పోలిక మాత్రమే. ప్రభువు పునరుత్థానము దానికంటె ఎంతో గొప్పది. అయినా పిల్లలు పోలికలతోనే పెద్ద సంగతులు నేర్చుకొంటారు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో కీర్తనల గ్రంథము 104వ అధ్యాయము చదువుకొని, ఆ వారములో మీరు చూచిన ఒక్క ప్రాణి పేరు చెప్పి దేవునికి స్తోత్రము చెల్లించండి. మన పొలములను, మన పిల్లలను, మన గట్ల మీది చిన్న ప్రాణులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.