కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం కాదు

మేం కొండల నుంచి విశాఖకు దిగివచ్చిన క్రైస్తవ ఆదివాసీలం. పొద్దున్నే దేవునికి స్తోత్రం చెప్పకుండా పనికి వెళ్ళం. గాజువాక అద్దె గదుల్లో, ఓడరేవు దారిలోని కూలీ అడ్డాల్లో మా రోజు మొదలయ్యేది ఆ మాటతోనే. ఇది మాకు నగరం నేర్పిన అలవాటు కాదు. మామిడి కొత్త చెయ్యనిదే మామిడిపండు, చిక్కుడు కొత్త చెయ్యనిదే చిక్కుడుకాయ నోట పెట్టని పెద్దల పిల్లలం. ఇచ్చినవాణ్ణి తలచుకోకుండా తినడం తప్పని బైబిలు చేతికి రాకముందే మాకు తెలుసు.

కాబట్టి మా తగువు కృతజ్ఞతతో కాదు. కృతజ్ఞత పేరు చెప్పి మా నోరు కట్టేసే బోధతో.

నగరంలోని ఒక సంఘంలో మా కుర్రాడొకడు లేచి, "మూడు నెలలుగా కాంట్రాక్టరు కూలి ఇవ్వలేదు, ప్రార్థన చెయ్యండి" అన్నాడు. వాక్యం చెప్పేవారు వెంటనే, "సణగకు తమ్ముడూ, ఉన్నదానికి స్తోత్రం చెప్పు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. కుర్రాడు తల దించుకొని కూర్చున్నాడు. ఆ ఆమేన్ వల్ల లాభం ఎవరికి? దేవునికా, కాంట్రాక్టరుకా?

సణుగుడు వేరు, మొర వేరు. అరణ్యంలో మన్నా తింటూ విసుక్కోవడం సణుగుడు. ఐగుప్తులో వెట్టిచాకిరీ కింద నలిగి ఏడవడం మొర. దేవుడు సణుగుడును గద్దించాడు, మొర విని దిగివచ్చాడు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం తీసి చూడండి. ప్రథమఫలాల గంపతో వచ్చినవాడు ఉత్త స్తోత్రం చెప్పి పోకూడదు. ఐగుప్తీయులు తమను బాధపెట్టిన సంగతీ, తాము మొరపెట్టిన సంగతీ, దేవుడు విన్న సంగతీ వరసగా చెప్పి, అప్పుడు నమస్కరించాలి. ఆ మేలులో పరదేశికీ పాలుండాలి. అంటే మొర కూడా కృతజ్ఞతలో భాగమే.

మన గంప దగ్గర మనం ఏం చెప్పాలి? 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కరెంటు విశాఖకు దిగింది. ఆ జలాశయం కింద ఆదివాసీ ఊళ్ళు మునిగాయి. 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించింది, తర్వాత ఉక్కు కర్మాగారానికీ దించింది. కొండ మీది నుంచి కరెంటు, ఖనిజం, కూలీ అన్నీ దిగాయి. కొండ ఎక్కాల్సిన రోడ్డు మాత్రం ఎక్కని ఊళ్ళున్నాయి. అక్కడ గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోస్తున్నాం.

కొండ, నీరు, చేతుల్లో బలం దేవుడిచ్చినవి. వాటికి రోజూ స్తోత్రం. కూలి ఎగ్గొట్టింది మనిషి. దాన్ని దేవుని చిత్తమని చెప్పడం స్తోత్రం కాదు, దేవుని మీద నింద.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు మేం స్తోత్రం చెబుతాం. అనంతగిరి కొండల్లో మనవాళ్ళు నోరు మూసుకొని ఉంటే అది వచ్చేది కాదని కూడా చెబుతాం.

సండే స్కూలు టీచర్లారా, పిల్లలకు రెండు ప్రశ్నలూ నేర్పండి: ఈ రోజు దేవుడు ఏమిచ్చాడు? అందులో మనకు రాకుండా ఎవరు ఆపారు? తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రాత్రి ప్రార్థన చేశాక, పని చేసిన రోజులూ రావాల్సిన కూలీ పుస్తకంలో రాసుకోండి. ఆ కుర్రాడు రాసుకున్నాడు. ఈ సోమవారం స్తోత్రం చెప్పుకొని, అతని వెంట మేమూ లేబరు ఆఫీసుకు వెళ్తున్నాం.